వ్యానులో వెచ్చదనం ఖరీదెంత?

కోనసీమలోని మామిడికుదురులో చలి అంటే సంక్రాంతికి అటూ ఇటూ తెల్లవారుజామున కప్పుకునే దుప్పటి, అంతే. ఆ ఊరి మనిషి హీటరు కొనాలా వద్దా అని కాగితం మీద లెక్కలు వేస్తున్నాడంటే పక్కింటివాళ్లు నవ్వడంలో వింతేమీ లేదు. కానీ ఈ వ్యాసకర్త, తమ్ముడు కలిసి పాత ఫోర్స్ ట్రావెలర్ వ్యాను ఒకటి కొన్నారు. వెనక సీట్లు పీకించి రెండు మంచాలు, ఒక వంటబల్ల బిగించారు. జనవరిలో లంబసింగి, ఎండాకాలంలో బదరీనాథ్ వెళ్లాలని ఆలోచన. లంబసింగిలో జనవరి రాత్రి ఐదు డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. బదరీనాథ్ మూడు వేల మీటర్లకు పైన ఉంది. గుడి తెరిచి ఉండే మే నెలలోనూ అక్కడ రాత్రులు కొరికేస్తాయి. రేకు గోడల మధ్య పడుకోవాలంటే ఏదో ఒక వేడి ఉండాలి.

ఆ ‘ఏదో ఒకటి’ ఏమిటన్నదే డబ్బు ప్రశ్న.

అన్నిటికంటే చవక దారి అమెరికా నుంచి ఫోనులో వచ్చింది. అక్కడ వ్యాన్లలో తిరిగేవాళ్లు చాలామంది మిస్టర్ హీటర్ బడ్డీ అనే చిన్న ప్రొపేన్ హీటరు వాడతారు. ధర వంద డాలర్లకు కాస్త అటూ ఇటూ. గంటకు 4,000 నుంచి 9,000 బీటీయూల వేడి, అంటే సుమారు ఒకటింబావు నుంచి రెండున్నర కిలోవాట్లు. “మావయ్యా, ఆక్సిజన్ తగ్గితే దానంతటదే ఆరిపోతుంది. నేను వచ్చేటప్పుడు సూట్‌కేసులో పట్టుకొచ్చేస్తాను” అన్నాడు అక్కడుండే మేనల్లుడు. వంద డాలర్లకు పని అయిపోతే ఎవరికి చేదు? అయితే ఆ ఆరిపోవడం ఎంతసేపటికో చూద్దామని వ్యాసకర్త పెన్సిలు తీశారు.

వ్యాను లోపలి గాలి పది ఘనపు మీటర్లు అనుకుంటే, అందులో ఆక్సిజన్ రెండు కిలోల ఏడెనిమిది వందల గ్రాములు ఉంటుంది. కిలో ప్రొపేన్ పూర్తిగా మండాలంటే మూడున్నర కిలోలకు పైగా ఆక్సిజన్ కావాలి. ఒక కిలోవాటు వేడికి గంటకు దాదాపు 80 గ్రాముల గ్యాసు ఖర్చవుతుంది. తలుపులు బిగించి వెలిగిస్తే గంటకల్లా లోపలి ఆక్సిజన్‌లో పదోవంతు హరించుకుపోతుంది. మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ 18 శాతం దగ్గరికి దిగితే హీటరులోని ఆక్సిజన్ సెన్సరు మంటను ఆపేస్తుంది. గంటన్నర తిరక్కుండానే హీటరు ఆరిపోతుందన్నమాట, లోపల మనుషులు పీల్చుకునేది కలపకుండానే. ఆరకుండా ఉండాలంటే కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. తయారీదారు చెప్పేదీ అదే. చలికి హీటరు, హీటరుకు కిటికీ, కిటికీలోంచి మళ్లీ చలి!

పైగా మంట తన వేడితోపాటు నీళ్లు కూడా పుట్టిస్తుంది. కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు మించి నీటి ఆవిరి వస్తుంది. రాత్రంతా వెలిగిన చిన్న హీటరు తెల్లారేసరికి లీటరు నీటిని అద్దాల మీద, పరుపుల కింద, రేకు సందుల్లో పోసి పెడుతుంది. కోనసీమ ఉప్పుగాలికి అసలే తుప్పు పట్టే బండికి ఇది లోపలినుంచి మరో తుప్పు. అమ్మబోయేనాడు ఆ తుప్పు ధరలో కనిపిస్తుంది. ఇక బదరీనాథ్ సంగతి: ఆ హీటరును 7,000 అడుగుల ఎత్తు దాటితే నమ్ముకోవద్దని కంపెనీయే రాసింది. పల్చని గాలికి సెన్సరు ముందే ఆపేయవచ్చు. బదరీనాథ్ పది వేల అడుగుల పైమాటే. ఏ చోటి కోసం కొందామనుకున్నారో అక్కడే అది పనిచేయకపోవచ్చు.

ఈ లెక్కలన్నిటికంటే పెద్ద విషయం సెన్సరు చూడనిది. అది కొలిచేది ఆక్సిజన్‌నే తప్ప కార్బన్ మోనాక్సైడును కాదు. మంట సరిగా మండనప్పుడు పుట్టే ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, వాంతి; ఘాట్ రోడ్డు ప్రయాణం చేసినవాడు ఎత్తు పడలేదనుకుని దుప్పటి ముసుగేసి పడుకుంటాడు. 2020 జనవరిలో కేరళ నుంచి నేపాల్ యాత్రకు వెళ్లినవారిలో ఎనిమిది మంది దామన్ అనే కొండ ఊరి రిసార్టులో చనిపోయారు. వారిలో నలుగురు పిల్లలు. ఒకే గదిలో పడుకుని, కిటికీలు తలుపులు లోపలినుంచి బిగించి, గ్యాసు హీటరు వేసుకున్నారు. అది గది. వ్యాను అందులో ఎన్నో వంతో పాఠకులే ఊహించుకోవచ్చు.

పొగ బయటికి పోయే హీటర్లు లేకపోలేదు. ఇంగ్లండులో తయారయ్యే ప్రొపెక్స్, జర్మనీ ట్రూమా అలాంటివి. మంట మూసిన పెట్టెలో మండుతుంది. మండడానికి గాలి నేల కింది గొట్టంలోంచి వస్తుంది, పొగ మరో గొట్టంలోంచి బయటికే పోతుంది. మనుషులు పీల్చే గాలి ఆ పెట్టె పైపైన వేడెక్కి తిరుగుతుందే తప్ప మంటతో కలవదు. గ్యాసు హీటరు కొనదలచినవారు ముందు అడగాల్సింది ఈ ఒక్క సంగతే. డీజిలుతో నడిచే వెబాస్టో, ఎబర్‌స్పేచర్ హీటర్లదీ ఇదే పద్ధతి. బండి ట్యాంకులోంచే ఇంధనం తీసుకుంటాయి కాబట్టి వాటికి వేరే గ్యాసు బండ అక్కర్లేదు.

ఖర్చు దగ్గర ఒక విచిత్రం బయటపడింది. ప్రొపెక్స్ హెచ్‌ఎస్ 2000 పూర్తిగా మండితే గంటకు 142 గ్రాముల గ్యాసు తీసుకుంటుంది. ఎనిమిది గంటల రాత్రిలో ఆగుతూ వెలుగుతూ మొత్తం సగంసేపే మండుతుంది కాబట్టి అరకిలో పైచిలుకు. కిలో నూరు రూపాయలు వేసుకున్నా రాత్రికి అరవై రూపాయలు దాటదు. డీజిలు హీటరైతే రాత్రికి లీటరు తాగుతుంది, అది నూరు రూపాయలు. ఇంధనం అసలు ఖర్చే కాదు. ఖర్చంతా పెట్టెది, బిగింపుది. దిగుమతి సుంకం, కొరియరు, బిగించే మేస్త్రీ కూలి కలిపి వ్యాసకర్త లక్ష రూపాయలు వేసుకున్నారు. ఇలాంటి లెక్కలో ఎక్కువే వేసుకోవాలి. ఏడాదికి చలిరాత్రులు పది, హీటరు ఆయుష్షు పదేళ్లు అనుకుంటే రాత్రికి వెయ్యి. ఆ వెయ్యికి బదరీనాథ్ దారిలోని జోషీమఠ్‌లోనూ లంబసింగి దగ్గరి చింతపల్లిలోనూ మామూలు గది దొరుకుతుంది, వేడినీళ్లతో సహా. ఏడాదిలో మూడు నెలలు బండిలోనే ఉండేవాళ్లకు ఇదే హీటరు రాత్రికి నూట పది రూపాయలు పడుతుంది. వాళ్లు కొనుక్కోవడం సబబే. పది రాత్రులవాళ్లకు కాదు.

వంటకు మాత్రం గ్యాసు తప్పదు. ఆ బండ ఎక్కడ పెట్టాలన్న మాట విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసే కోనసీమ వైపు మేస్త్రీ దగ్గర వచ్చింది. “ఆయ్, మంచం కింద బోల్డంత ఖాళీ ఉందండి, అక్కడ పడుకోబెట్టేద్దాం” అన్నాడు. బండను పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటరులోకి వస్తుంది, మంట ఎగసిపడుతుంది. బండ ఎప్పుడూ నిలబడే ఉండాలి. మంచం కింద పెట్టడం ఇంకా ప్రమాదం. ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. లీకైన గ్యాసు పైకి పోదు, నేలమీద చెరువులా నిలుస్తుంది, మంచం కింద నిద్రపోతుంది. గాలిలో రెండు శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వ. అందుకే బండకు వెనక తలుపు పక్కన వేరే అర కట్టించారు. లోపలివైపు పూర్తిగా మూసేసి, అడుగున బయటికి కన్నం పెట్టించారు. లీకైతే రోడ్డు మీదికే పోవాలి.

కోనసీమలో గ్యాసు మాట ఎత్తితే పెద్దవాళ్ల ముఖం మారుతుంది, దానికి కారణం ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాసు బావిలో ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలంలోనే ఉన్న నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు గొట్టం పగిలి, వ్యాపించిన గ్యాసు అంటుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పారి లోపలినుంచి తుప్పు తినేసిందని తర్వాత విచారణలో తేలింది. గొట్టాన్ని దేనికి వేశారో దానికే వాడాలన్న సంగతి ఆ ఊళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వంటింటి రబ్బరు గొట్టానికైనా అంతే. ఐఎస్‌ఐ గుర్తున్న, లోపల ఉక్కు అల్లిక ఉన్న నారింజరంగు సురక్ష గొట్టమే కొని, దానిమీద ముద్రించిన గడువుకు మార్చేయాలి. కీళ్ల దగ్గర సబ్బునురగ రాసి బుడగలు చూడాలి, అగ్గిపుల్ల గీసి కాదు.

ఇంటి బండను బండిలో వేసుకెళ్లడం చాలామంది చేసే పని. యాత్రా బస్సుల వంటవాళ్లకైతే అది అలవాటు. 14.2 కిలోల బండ ఇచ్చింది ఇంటివంటకు; వేరే పనికి వాడటం చట్టం ఒప్పదు. చమురు కంపెనీలు వినియోగదారుల కోసం తీసుకునే బీమాలో మరణానికి మనిషికి 6 లక్షలు, వైద్యానికి 2 లక్షల వరకు, ఆస్తినష్టానికి 2 లక్షల వరకు ఉన్నాయి. ఆ ఆస్తినష్టం మాత్రం కనెక్షన్ నమోదైన చిరునామాలో జరిగితేనే. ఛోటూ పేరుతో దొరికే 5 కిలోల బండకు చిరునామా రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. కిలో లెక్కన ధర ఎక్కువే, కానీ వ్యానుకు అదే తగినది. రైలులో తీసుకెళ్లాలని మాత్రం ఎవరూ అనుకోకూడదు. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగివున్న యాత్రికుల బోగీలో రహస్యంగా తెచ్చుకున్న బండ వల్ల మంటలు లేచి తొమ్మిది మంది బలయ్యారు.

బండి బీమా సంగతి ఇంకా సూటిగా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ కాగితాల్లోని వివరాలకు తేడా వచ్చే మార్పులకు రవాణాశాఖ అనుమతి ఉండాలి. సీట్లు తీసి మంచాలు వేయడం అలాంటిదే. చెప్పకుండా చేసిన మార్పు ఉన్న బండికి క్లెయిము అడిగితే బీమా కంపెనీకి కాదనడానికి ఒక సాకు చేతికిచ్చినట్టే. ఆ కాగితాలకు తిరిగిన ఖర్చును వ్యాసకర్త హీటరు పద్దులోనే రాసుకున్నారు.

చివరికి కొన్నది హీటరు కాదు. వంద ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, ఇంజిన్ నడుస్తుండగా దాన్ని నింపే చార్జరు, రెండు పన్నెండు వోల్టుల కరెంటు దుప్పట్లు. గాలినంతా వేడిచేయడం మానేసి పడకను మాత్రమే వేడిచేస్తే ఒక్కో దుప్పటికి యాభై వాట్లు చాలు. రాత్రంతా రెండూ కలిపి 800 వాట్ అవర్లు, బ్యాటరీ 1,280 ఇస్తుంది. అన్నీ కలిపి ఖర్చు యాభై వేలలోపు. తేడా ఏమిటంటే, ఆ బ్యాటరీ మే నెలలో మామిడికుదురు ఉక్కపోతకు ఫ్యాన్లు తిప్పుతుంది. హీటరైతే ఆ నెలంతా పడి ఉండేది. లంబసింగికి దుప్పట్లు సరిపోతాయి. బదరీనాథ్‌లో గది తీసుకుంటారు.

వంట పొయ్యి ఉంది కాబట్టి రెండు అలారాలు ఎలాగూ తప్పలేదు. గ్యాసు లీకు చెప్పేది నేలకు జానెడు ఎత్తున, కార్బన్ మోనాక్సైడుది పడుకున్న మనిషి తల ఎత్తున. రెండోది ఈఎన్ 50291-2 ప్రమాణం రాసి ఉన్నదే తీసుకున్నారు. బండ్లు, పడవల కోసం పెట్టిన ప్రమాణం అది. గాలిలో పది లక్షల వంతుల్లో మూడు వందల వంతుల మోనాక్సైడు ఉంటే మూడు నిమిషాల్లో మోగాలి. దాని సెన్సరుకు కూడా ఆయుష్షు ఉంది. మార్చాల్సిన ఏడాది వెనకే ముద్రించి ఉంటుంది. పొయ్యి వెలిగినంతసేపూ పక్క తలుపు తెరిచి ఉంచాలన్నది ఇంటావిడ పెట్టిన నియమం. హీటరు కోసం తీసిపెట్టిన డబ్బులో మిగిలింది వెనక చక్రాల టైర్లకు వెళ్లింది. ఘాట్ రోడ్డు ఎక్కేముందు అవి ఎలాగూ మార్చాల్సినవే.