తెర వెనక పేర్లు

మాంట్రియల్‌లో నవంబరు వచ్చిందంటే సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. శనివారాలు ఇద్దరు యానిమేటర్ మిత్రులూ నేనూ మా వంటగది బల్ల చుట్టూ చేరి ఒక వెబ్‌సైటు తయారుచేస్తున్నాం. ఏ స్టూడియో అండా లేకుండా, సొంత డబ్బుతో చిన్న చిన్న బొమ్మల సినిమాలు తీసేవాళ్ల కోసం అది. వాళ్ల సినిమాలు ఏడాదో రెండేళ్లో ఫెస్టివల్స్‌లో తిరుగుతాయి. ఆ తర్వాత చాలావాటికి హార్డ్ డిస్కే ఇల్లు.

ఈ ఊళ్లో ఉండేవాళ్లకి ఆ కళ మీద ప్రేమ పుట్టడం సహజం. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు 1956 నుంచి ఇక్కడే ఉంది. నార్మన్ మెక్‌లారెన్ కెమెరాతో పనిలేకుండా ఫిల్మ్ మీదే బొమ్మలు గీసింది ఆ సంస్థలోనే. కారొలైన్ లీఫ్ గాజుపలక మీది రంగును వేళ్లతో జరుపుతూ 'ది స్ట్రీట్' తీసిందీ అక్కడే. అహ్మదాబాద్ నుంచి వచ్చిన ఈశూ పటేల్ వేలాది పూసలతో 1977లో 'బీడ్ గేమ్' తీశారు. ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

మా వెబ్‌సైటులో మొదట పేజీకి తెల్లరంగు పెట్టాను. నమూనాగా 'బీడ్ గేమ్' పెట్టి చూస్తే, నలుపు మీద మెరవాల్సిన పూసలు ఆ తెల్లదనం మధ్య వెలవెలబోయాయి. పేజీ మొత్తం నల్లగా మార్చగానే ఒక్కో పూసా విడిగా మెరిసింది. మా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట వాళ్ల తోలుబొమ్మలాట గుర్తొచ్చింది. చుట్టూ చీకటి, నడుమ దీపం వెలుగులో తెల్లటి తెర. ఆ కిటుకు వాళ్లకి ఎన్నడో తెలుసు.

తెలుగు సబ్‌టైటిల్స్ ఇంకో పాఠం నేర్పాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన వరుసల ఎడం మనవాటికి చాలదు. 'కష్టం'లో టవత్తు సగానికి తెగింది, కింది వరుస గుడిదీర్ఘాలు పై వరుస ఒత్తులకు తగిలాయి. ఎడం పెంచి, రెండు వరుసలకు మించకుండా మాటలు కుదించాను.

అసలు పాఠం అమ్మ చెప్పింది. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే ధర్మవరంలో ఆదివారం పొద్దున ఏడున్నర. ఫోన్లో ఒక సినిమా చూసి, "బాగుంది గానీ, గీసినోళ్ల పేర్లు చదవనీకుండా పోయిందే నాయనా" అంది.

నిజమే. సినిమా అయిపోతుండగానే పేర్లను మూలకు నెట్టి తర్వాతి సినిమా మొదలయ్యేలా పెట్టాను. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకున్నా సెకనుకు 12 బొమ్మలు కావాలి. ఐదు నిమిషాలకు 3,600. ఒంటిచేత్తో గీస్తే ఏళ్లు పట్టే పని. అంత కష్టపడిన మనిషి పేరుకు పది సెకన్లు ఇవ్వలేకపోయాను. చిన్నప్పుడు తోలుబొమ్మలాట దగ్గరా అంతే. తెర మీది రాముణ్ని, హనుమంతుణ్ని చూశాను గానీ, వెనక ఆడించే చేతులెవరివని అడగలేదు. 2020లో నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు గానీ ఆ ఊరి కళాకారుడి పేరు ఒక్కటి కూడా నాకు తెలియలేదు.

ఆ రాత్రే మార్చాం. ఇప్పుడు సినిమా అయ్యాక పేజీ నిశ్శబ్దంగా నిలిచిపోతుంది. కింద తీసినవాళ్ల పేరు, వాళ్ల ఊరు, దేనితో చేశారు, ఎన్నాళ్లు పట్టింది, అన్నీ తెలుగులోనూ ఉంటాయి. తర్వాతి సినిమా కావాలంటే చూసేవాళ్లే నొక్కాలి.

పోయిన వారం అమ్మకు మళ్లీ చూపించాను. స్పీకర్ ఆన్‌లో ఉంది. సినిమా అయింది. అమ్మ కింద ఉన్న ఫ్రెంచి పేరును కూడబలుక్కుంటూ, ఒత్తులతో సహా పైకి చదివింది. ఆ పేరు గల మిత్రురాలు బల్లకు అవతల కూర్చునుంది. ఇంకొక్కసారి చదవమని అడగమంది.

అమ్మ మళ్లీ చదివింది.