మూటలో పుస్తకాలు

ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కి కూర్చున్నాను. కాళ్ళదగ్గర ఒక గోనెసంచి. కండక్టరు దాన్ని చేత్తో తట్టి చూశాడు.

"ఏమున్నాయండీ?"

"పుస్తకాలు. దుమ్ముగూడెం వైపు ఒక కోయగూడెం బడికి."

అతను మళ్ళీ ఏమీ అడగలేదు. "దారికడ్డం లేకుండా లోపలికి జరపండి" అని ముందుకు వెళ్ళిపోయాడు. పక్కసీటులో వున్న పెద్దాయన మాత్రం వూరుకోలేదు.

"ఇంత బరువు మోసుకుపోతున్నావు గదా బాబూ, వాళ్ళు చదువుతారంటావా?"

నేను నవ్వి వూరుకున్నాను. కాని ఆ ప్రశ్నకు బ్రతుకంతా జవాబు చెప్పిన ఒకాయన నాకు గుర్తుకు వచ్చాడు. ఆయన వట్టికోట ఆళ్వారుస్వామి.

నల్లగొండ జిల్లాలో 1915లో పుట్టిన ఆళ్వారుస్వామికి చదువు వడ్డించిన విస్తరిలా దొరకలేదు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేసిపెడుతూ నాలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. హోటల్లో సర్వరుగా పనిచేశాడు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో సికింద్రాబాదులో ఒక ప్రచురణ సంస్థ పెట్టాడు. ఆ ఏడే కన్నుమూసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి బిరుదు మీదుగా దానికి దేశోద్ధారక గ్రంథమాల అని పేరు పెట్టుకున్నాడు.

అప్పుడు ఖమ్మం కూడా నిజాం రాజ్యంలోదే. బడిలో పాఠం ఉర్దూలో, కచేరీలో కాగితం ఉర్దూలో. ఇంట్లో మాట తెలుగు. నలుగురు చేరి సభ జరుపుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. అటువంటి చోట తెలుగు పుస్తకం అచ్చువేయడం ఒక యెత్తు, కొనేవాణ్ణి వెతకడం మరో యెత్తు. ఆళ్వారుస్వామి కొట్టు తెరిచి కూర్చోలేదు. పుస్తకాలు తానే మోసుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. అలా 30కి పైగా పుస్తకాలు తెచ్చాడు.

కొత్తగూడెం వచ్చింది. ఇక్కడి స్టేషను పేరు భద్రాచలం రోడ్డు. రాముడి దర్శనానికి మాత్రం ఇంకా నలభై కిలోమీటర్లు రోడ్డున పోవాలి. పాల్వంచ దాటి కిన్నెరసాని మీదుగా వెళ్తుంటే టేకు, ఇప్ప, మోదుగ చెట్లు కిటికీకి దగ్గరగా జరిగాయి.

ఖమ్మంలో చదువుకున్న కుర్రవాడొకడు తరువాత నిజామాబాదు జైలులో ఆళ్వారుస్వామికి తోడయ్యాడు. ఆయనే కవి దాశరథి. కలం, కాగితం లేనిచోట, పళ్ళు తోముకోను ఇచ్చిన బొగ్గుతో ఆయన పద్యాలు గోడలకెక్కాయి. ఆ దాశరథి 1949లో వెలువడిన తన 'అగ్నిధార'ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. 'ప్రజల మనిషి' నవల రాసిన ఆళ్వారుస్వామి 1961లో, నలభై ఆరేళ్ళయినా నిండకుండానే పోయాడు.

బస్సు గోదావరి వంతెన ఎక్కింది. ఒకప్పుడు ఈ నీరే సరిహద్దు. ఇవతలి బూర్గంపాడు నిజాముది, అవతలి భద్రాచలం 1860 నుంచి ఇంగ్లీషువారిది. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో చేరింది. 1965లో ఈ వంతెన వచ్చింది. 2016 నుంచి ఈ ప్రాంతం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. పెద్దాయన గోదావరికి దణ్ణం పెట్టుకొని, "నీ పుస్తకాలు పనికొస్తే మంచిదే బాబూ" అని భద్రాచలంలో దిగిపోయాడు.

గూడెం బడి ఒకే గది. సంచి విప్పగానే పిల్లలు మూగారు. ఒక చిన్నపిల్ల పులిబొమ్మ వున్న పుస్తకం తీసుకొని, కింద అక్షరాలు కూడబలుక్కుంటూ సగంలో ఆగిపోయింది. అప్పుడు నాకు తట్టింది: ఆనాడు ఉర్దూ బడిలో తెలుగు పిల్లవాడు పడ్డ తడబాటే ఇది. ఈ పిల్లకు ఇంట్లో మాట కోయ. నేను మోసుకొచ్చిందంతా తెలుగు.

కోయభాషకు తెలుగు లిపిలో వాచకాలు రాకపోలేదు. కాని కథల పుస్తకాలేవి? నా సంచిలో ఒక్కటీ లేదు.

మాస్టారు ఆ పిల్ల పక్కన చతికిలబడి, "మీ ఇంట్లో దీన్నేమంటారే అమ్మా?" అని అడిగారు. పిల్ల సిగ్గుపడుతూ చెప్పింది. మిగతా పిల్లలంతా ఒక్కసారిగా అదే మాట అరిచారు. మాస్టారు జేబులోంచి పెన్సిలు తీసి, ఆ మాటను పులిబొమ్మ పక్కన తెలుగు అక్షరాల్లో రాశారు. పిల్ల ఈసారి తడుముకోకుండా చదివింది. వెంటనే పుట తిప్పి, జింకబొమ్మ మీద వేలుపెట్టి, పెన్సిలు వంక చూసింది.

తిరుగు బస్సులో నా గోనెసంచి ఖాళీగా వుంది. పెద్దాయన మళ్ళీ కనిపిస్తే చెప్పవలసిన జవాబు మాత్రం దొరికింది. చదువుతారు తాతా. వాళ్ళ మాట అచ్చువేసి మోసుకొచ్చేవాడొకడు కావాలి.