గాలికొండ మీద గాలి తక్కువ

విశాఖపట్నాన్ని అందరూ సముద్రపు ఊరంటారు గాని, కారున్నవాడికి అది కొండల ఊరు. రేవుకు కాపలా కాస్తున్నట్టు డాల్ఫిన్స్ నోస్, ఇటు కైలాసగిరి, అటు సింహాచలం. 1933లో రేవు తెరిచిన నాటినుంచీ ఊరు ఈ కొండల సందుల్లోనే పెరుగుతూ వచ్చింది. ఇక్కడ కొత్తగా కారు కొన్న గృహస్థు ఆసీలుమెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు చితికించగానే ఇంట్లో అరకు మాట వస్తుంది. దూరం సుమారు 115 కిలోమీటర్లే. ఎత్తు మాత్రం సముద్రమట్టం నుంచి దాదాపు వెయ్యి మీటర్లు.

మా తోడల్లుడుగారిది 796 సి.సి. ఆల్టో. మూడు సిలిండర్లు, 48 హార్సుపవరు. దసరా సెలవుల్లో అరకు వెళదామనుకోగానే ఆయన అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి తెచ్చి చూపించారు. "అన్నయ్యగారూ, స్టీరింగు కింద సాకెట్టులో దీన్ని గుచ్చితే చాలట. పవరు ముప్పై శాతం పెరుగుతుందట!" అన్నారు. దానిపేరు పెర్ఫార్మెన్సు చిప్పు. ఖరీదు కొన్ని వందలు. ముప్పై శాతం బలం అంత చౌకగా దొరికితే కారు కంపెనీవాళ్ళే పెట్టి అమ్మేవారు కదా అని నాకు సందేహం. ఇద్దరం కలిసి గాజువాక ఆటోనగరుకు బయలుదేరాం.

అక్కడ మాకు తెలిసిన మేస్త్రీ ఒకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇప్పీమంటారేటి మాస్టారూ?" అని విప్పేశాడు. లోపల మూడు దీపాలు, వాటిని మినుకుమినుకుమనిపించే చిన్న సర్క్యూటు. అంతే! "దీనికీ ఇంజనుకీ చుట్టరికం లేదండి" అన్నాడు. చిప్పు అని కొంటే చేతికి చిప్ప మిగిలిందన్నమాట.

అయితే చిప్పు అనే మాట పూర్తిగా గాలికబురు కాదు. అంబాసిడరు రోజుల్లో పెట్రోలు పాలు సరిచేయాలంటే కార్బురేటరు స్క్రూ తిప్పేవారు. ఇప్పుడా పని కారులోని చిన్న కంప్యూటరుది. ఇంజను ఎంత వేగంగా తిరుగుతున్నప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలి, నిప్పురవ్వ ఏ క్షణాన పడాలి అన్నది పంచాంగంలాగా గళ్ళుగళ్ళుగా అందులో రాసి ఉంటుంది. 1980 ప్రాంతంలో విదేశాల్లో ఆ పంచాంగం ఉన్న చిప్పును పీకి, వేరే చిప్పు పెట్టేవారు. పేరు అలా వచ్చింది. ఇప్పుడు చిప్పు మార్చరు, అందులోని అంకెలు తిరగరాస్తారు. దానికి రీమ్యాపు అని పేరు. ఖర్చు వేలల్లో ఉంటుంది.

మరి తిరగరాస్తే బలం వస్తుందా అంటారా? దానికి జవాబు ఆటోనగరు నుంచి ఎంతో దూరం లేదు. కూర్మన్నపాలెం వైపు వెళితే ఉక్కు కర్మాగారం వస్తుంది. అక్కడి మూడు బ్లాస్టు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చక్కని పేర్లు. వాటిలో పైనుంచి ఖనిజం, కోకు ఎంత పోసినా, అడుగునుంచి వేడిగాలి ఉధృతంగా ఊదితేగాని ఇనుము కరగదు. మన ఊరి కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఊదడంలో ఉన్నదీ ఈ సూత్రమే. మంటకు మేత గాలి.

కారూ అంతే. ఒక కిలో పెట్రోలు సరిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఆల్టో ఇంజనుకు గాలిని నెట్టే తిత్తి ఏమీ లేదు, తన ఊపిరి తాను పీల్చుకోవాలి. 796 సి.సి.లో పట్టే గాలి ఎంతో అంతే. పంచాంగం తిరగరాసి పెట్రోలు ఎక్కువ పోస్తే మసి పెరుగుతుంది గాని బలం పెరగదు. పిండి కొద్దీ రొట్టె. నిప్పురవ్వ వేళను కాస్త ముందుకు జరిపి అయిదు శాతం చుట్టూ రాబట్టవచ్చు. 48లో అయిదు శాతమంటే రెండున్నర హార్సుపవరుకు లోపే. ఎండకూ, నాసి పెట్రోలుకూ ఓర్చుకోవడానికి కంపెనీ ఉంచిన వెసులుబాటును కరగదీస్తే వచ్చే లాభమది. ఎక్కువ ఆశపడితే ఇంజను టకటక కొట్టుకుంటుంది.

చివరికి చిప్పు లేకుండానే బయలుదేరాం. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాటి ఘాటు మొదలయ్యేసరికి కారు మూడో గేరులో ఆయాసపడసాగింది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. వెయ్యి మీటర్లకు దాదాపు పదో వంతు తరుగు. కింద 48 ఉన్నది పైన 43 అవుతుంది. దారిలో గాలికొండ అని ఒక చోటుంది. పేరుకు గాలికొండేగాని, ఇంజను పీల్చేందుకు గాలి తక్కువైన చోటు అది!

అనంతగిరి దగ్గర కాఫీకి ఆగాం. పక్కనే డీజిలు స్విఫ్టుతో ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. తన కారుకు రీమ్యాపు చేయించానని, ఘాటులో తేడా స్పష్టంగా తెలుస్తోందని చెప్పాడు. అతని మాట నమ్మవలసిందే. టర్బో ఉన్న డీజిలు ఇంజనుకు గాలి నెట్టే తిత్తి ఉంది, అవసరానికి మించిన గాలి అందుతూ ఉంటుంది. ఇంధనం పెంచినా, టర్బో ఒత్తిడి పెంచినా 15 నుంచి 25 శాతం బలం నిజంగానే వస్తుంది. అయితే ఆ స్విఫ్టులోని 1248 సి.సి. ఇంజను 75 హార్సుపవరుది. అదే ఇంజనును ఎర్టిగాలో 90 చేయడానికి కంపెనీ వేరే రకం టర్బో బిగించింది. అంకెలు తిరగరాసి ఊరుకోలేదు. "క్లచ్చి మాత్రం మార్చవలసివచ్చింది సార్" అన్నాడు కుర్రవాడు కాస్త మెల్లగా. మారుతివారు 2020 ఏప్రిల్ నుంచి డీజిలు కార్లు మానేశారు కనుక, ఇప్పుడు ఇవన్నీ వయసుమళ్ళిన బళ్ళు. ముసలి గుండెకు బరువు పెంచడం కుర్రతనపు సరదా కావచ్చుగాని, పిల్లలను వెనక సీట్లో కూర్చోబెట్టుకున్న గృహస్థుకు తగదు. పైగా కొత్త కారైతే వారంటీ పోతుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టూ ఆ మాటే ఖాయపరచింది.

ఇంతకూ మా తోడల్లుడుగారికి కావలసిన బలం ఎక్కడ దొరికింది? మలుపుల్లో ఏ.సి. కట్టేస్తే రెండు మూడు హార్సుపవరు పైసా ఖర్చు లేకుండా వచ్చింది. ఆల్టో బరువు ఏడువందల కిలోలు. అయిదుగురు, పెట్టెలు, పులిహోర డబ్బాలు కలిస్తే వెయ్యి దాటుతుంది. డెబ్బై కిలోల బావమరిదిని కిరండూలు రైలెక్కిస్తే ఆరేడు శాతం భారం తగ్గుతుంది. అద్దాల పెట్టెలో టిక్కెట్టు కొనిపెడితే ఆయనా సంతోషిస్తాడు. ఆ పైన శుభ్రమైన ఎయిర్ ఫిల్టరు, టైర్లలో సరైన గాలి, సకాలంలో రెండో గేరు. ఇవేవీ దీపాలు వెలిగించవు గాని పని చేస్తాయి.

ఇంకొక్క మాట. అరకు వెళ్ళినవాళ్ళంతా తిరిగి రావలసినవాళ్ళే. ఎక్కేటప్పుడు బలం చాలకపోతే నాలుగు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే. దిగేటప్పుడు బ్రేకు చాలకపోతే కింద లోయ ఉంది. చిప్పుకని తీసిపెట్టిన డబ్బుంటే బ్రేకు ప్యాడ్లకు ఖర్చుపెట్టండి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి.