తాళంచెవుల పెట్టె

పిల్లలూ! నేను హెడ్మాస్టరుగా వున్న రోజుల్లో, బడిలో ఏ గది తాళంచెవి ఏ మాస్టారి దగ్గర వుండాలో చీటీ రాసి పెట్టాను. కాని మారు తాళంచెవులుండే పెట్టెకు మాత్రం తాళం వెయ్యలేదు! ఒకనాడు పరీక్షకాగితాలు మాయమైనవి. నేను బంట్రోతును అనుమానించి నలుగురిలో కేకలేశాను. తీసింది మరొకరని తేలినాక, అతనికి నా ముఖం చూపలేకపోయాను.

మొన్న మా మనమడు లినక్స్ సంగతి చెబుతుంటే ఇదంతా జ్ఞాపకం వచ్చింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ ఒక కెర్నెల్; అంటే, కంప్యూటరులోని పనులన్నిటినీ అజమాయిషీ చేసే ప్రోగ్రామన్నమాట. దానికి అవసరాన్నిబట్టి మాడ్యూళ్లను తగిలించవచ్చు. ఒక్క మాడ్యూలు తప్పుచేస్తే కంప్యూటరంతా ఆగిపోవచ్చు. అందుచేత కెర్నెల్ తన ఫంక్షన్లన్నిటినీ వాటికి ఇవ్వదు. ‘ఎగుమతి’ అని గుర్తు పెట్టినవాటినే ఇస్తుంది.

అయితే ఒక లొసుగు వుండేది. ఏ ఫంక్షను ఎక్కడున్నదో పేరునుబట్టి వెతికిపెట్టే ఫంక్షను కూడా ఎగుమతి అయేది! దాని సాయంతో కొన్ని మాడ్యూళ్లు గుర్తులేనివాటిని కూడా వాడుకునేవి. నా పెట్టె కథే కదూ? 2020లో, 5.7వ కూర్పులో ఆ ఎగుమతి ఆపేశారు.

తలుపులకు తాళాలు వేస్తే చాలదు, పిల్లలూ! తాళంచెవులు ఎక్కడున్నవో ముందు చూసుకోండి. చూసుకోకుండా ఎవరిమీదా నేరం మోపకండి.