చేతిసంచిలోని చీటీ

స్కానింగు నివేదికను ఆసుపత్రి మెట్ల మీదనే విప్పి చదివాను. ఉదరంలోని కొవ్వుపొరల నిండా చిన్న చిన్న గడ్డలున్నాయనీ, కొంత నీరు చేరిందనీ, క్యాన్సర్ వ్యాపించి ఉండవచ్చుననీ దాని సారాంశం. లోపల చొక్కా గుండీలు పెట్టుకుంటున్న నాన్నగారు "ఏమన్నారురా?" అని అడిగారు. "పేగుపూత నాన్నా" అన్నాను.

ఆ రాత్రి అమ్మ, అన్నయ్య, నేను కూర్చుని, ఆయనకు ఏమీ తెలియనివ్వరాదని నిశ్చయించుకున్నాము. నెల పైబడి ఆయనకు అన్నం సహించడం లేదు, మనిషి సగమైనారు. నివేదికను నమ్మడానికి మాకు అంతకన్న ఏమి కావాలి? చెల్లెలి పెళ్ళి ముందుకు జరుపుదామన్నాడు అన్నయ్య.

మేము ఆశ్రయించిన పెద్ద డాక్టరుగారిని, నాన్నగారి ఎదుట క్యాన్సర్ మాట ఎత్తవద్దని ముందే వేడుకున్నాము. ఆయన తల ఊపి, మమ్మల్ని వదలి నేరుగా నాన్నగారినే అడిగారు: "మీకు ఈ బాధ ఎక్కడ, ఏనాడు మొదలైంది?"

నాన్నగారు మా వంక చూసి తల దించుకున్నారు. ఆరు వారాల క్రితం రాజమండ్రిలో స్నేహితుని ఇంట పది రోజులుండి వచ్చారని మాత్రమే మాకు తెలుసు. అందులో ఐదు రోజులు ఆసుపత్రిలో గడిపారట! పైకడుపులో పుట్టి వీపులోకి పొడుచుకుపోయిన నొప్పి, ఆగని వాంతులు, సెలైను. మేము కంగారుపడతామని దాచారు. చేతిసంచి అడుగున మడిచిన డిశ్చార్జి చీటీ ఉంది. పిత్తాశయంలో రాళ్ళు, రక్తంలో లైపేజు గరిష్ఠ పరిమితికి పదింతలు, పాంక్రియాటైటిస్, అనగా క్లోమపు వాపు.

డాక్టరుగారు ఓపికగా వివరించారు. జీర్ణాశయం వెనుక ఉండే క్లోమం, కొవ్వును అరిగించే రసాన్ని పేగులోకి పంపుతుంది. పిత్తరాయి దారికి అడ్డుపడితే క్లోమం వాచి, ఆ రసం బయటకు చిమ్మి, చుట్టూ ఉన్న కొవ్వునే అరిగిస్తుంది. అలా విడివడిన ఆమ్లాలు కాల్షియంతో కలిసి సబ్బువలె గట్టిపడతాయి. పేగులను కప్పే కొవ్వుతెర మీద ఏర్పడే ఈ కొవ్వు మచ్చలను జర్మన్ వైద్యుడు బాల్జర్ 1882లోనే వర్ణించాడు. స్కానులో వీటిని క్యాన్సర్ గడ్డల నుంచి వేరుపరచడం ఒక్కొక్కప్పుడు ఎంతో కష్టం.

"ఫిల్ము చదివినవారి తప్పు లేదు. ఈ చీటీ సంగతి వారికెవరూ చెప్పలేదు" అన్నారాయన. అయితే తొందరపడి అభయమూ ఇవ్వలేదు. క్లోమపు క్యాన్సరే అరుదుగా ఈ వాపు రూపంలో బయటపడుతుందట. అందుచేత సూదితో ముక్క తీయించారు. అందులో చచ్చిన కొవ్వు తప్ప క్యాన్సర్ కణాలు కానరాలేదు. మూడు నెలల తరువాత తీసిన స్కానులో గడ్డలు చాలావరకు కరిగిపోయాయి. ఆ పిమ్మట పిత్తాశయాన్ని తొలగించారు. చెల్లెలి పెళ్ళి మొదట అనుకున్న ముహూర్తానికే జరిగింది. కన్యాదానం నాన్నగారే చేశారు.

మేము దాచినదానికి ఆయన కోపించలేదు. ఆయన దాచినదానికి మేమూ నిలదీయలేదు. మా మీద ప్రేమతో ఆయనా, ఆయన మీద ప్రేమతో మేమూ దాచిన మాటల నడుమ అసలు సంగతి సంచి అడుగున పడి ఉండిపోయింది. ఇప్పుడు మా ముందుగది గోడకు ఒక అట్ట ఫైలు వేలాడుతున్నది. ఇంటిల్లిపాది వైద్యపు కాగితాలూ తేదీల వరుసన అందులోనే ఉంటాయి. దానిలో మొట్టమొదటిది ఆ రాజమండ్రి చీటీ.