మేకుల గుర్తులు

మా పై వాటాలో ఉండే క్యూబా పెద్దావిడ నిరుడు చనిపోయింది. ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్ల అమ్మాయి ఒక పొడవాటి డోలు తెచ్చి నా వంటగదిలో దించింది. కాంగా. నడుము దాకా ఎత్తు, పీపాలా ఉబ్బిన పొట్ట, ఒకవైపే తోలు. "నాన్నది. అమ్మ దీనిమీద పూలకుండీ పెట్టుకునేది" అంది. తోలు మీద గుండ్రంగా నీటి మరక ఉంది. పాతసామాన్ల వ్యాపారి చూసి, ఇది ఎనభైల నాటి ఫ్యాక్టరీ సరుకు, సయామ్ ఓక్, పెద్ద ధర రాదు అన్నాడట. నేను ఇక్కడ న్యూజెర్సీలో కాలేజీ పిల్లలకి వృక్షశాస్త్రం చెబుతాను. కర్ర ఏదో తేల్చమంది.

సయామ్ ఓక్ అన్నది వ్యాపారపు పేరు. అది ఓక్ కాదు, రబ్బరు చెట్టు. పాలు తీయడం అయిపోయాక కొట్టేసిన చెట్ల కలప.

కాంగా అడుగు అంచుని బ్లేడుతో నున్నగా గీసి, పదిరెట్ల భూతద్దం పెట్టాను. రబ్బరు కలపలో రంధ్రాలు చెదురుమదురుగా ఉంటాయి. ఇందులో ప్రతి వార్షిక వలయం మొదట్లోనూ పెద్ద రంధ్రాలు వరసకట్టి ఉన్నాయి. వాటిని కోస్తూ, భూతద్దం లేకపోయినా కనిపించేంత వెడల్పాటి చారలు. అసలైన ఓకే. రంధ్రాల్ని చాలావరకు ఒక పల్చటి పొర మూసేసింది. అది తెల్ల ఓక్ లక్షణం. ఆ కర్రతో చేసిన పీపాలు కారకపోవడానికి కారణం అదే.

అయితే పీపాలకు వాడే తెల్ల ఓక్ ఉత్తర అమెరికా, యూరప్ అడవులది. కర్ర పుట్టిల్లు ఒకటి, డోలు పుట్టిల్లు మరొకటి. పీపాలు ఓడలెక్కి క్యూబా చేరాయి. కాంగో ప్రాంతం నుంచి బానిసలుగా తరలించబడినవాళ్ల వారసులు ఆ పీపాలు కట్టే పద్ధతిలోనే తమ డోళ్లను మళ్లీ కట్టుకున్నారు.

పై ఇనుప చట్రం విప్పి చూశాం. అంచు కింద చుట్టూ చిన్నచిన్న రంధ్రాలు, ఒక్కోదాని చుట్టూ నల్లటి మచ్చ. ఓక్‌లోని టానిన్ ఇనుము తగిలితే అలా నల్లబడుతుంది. అంటే ఒకప్పుడు ఈ తోలును మేకులతో బిగించారు. స్క్రూల కాంగాలు వ్యాపించింది 1950ల నుంచి. మేకులు కొట్టిన డోలుకి శ్రుతి కావాలంటే నిప్పు సెగ చూపించాల్సిందే.

సెగ అనుకోగానే మా వాకిలి గుర్తొచ్చింది. మా నాయిన చింతకర్ర చట్రానికి తోలు కట్టి, గడ్డిమంట మీద డప్పు కాచేవాడు. అన్నలు ఎత్తుకుంటే ఊరుకునేవాడు. నేను ముట్టుకుంటే లాక్కునేవాడు. "ఆడపిల్లవి" అని ఒకసారి, "ఈ గతి నీకొద్దు, చదువుకో" అని ఇంకోసారి. ఊరికి పెళ్లికీ చావుకీ ఆ డప్పు కావాలి, కొట్టేవాడు మాత్రం గడప అవతలే. ఆ అవమానం నుంచి నన్ను తప్పించాడు, నిజమే. ఆ విద్య నుంచి కూడా తప్పించాడు. ఈ రెండింటినీ విడదీసి చూడటం నాకింకా చేతకాదు.

హవానాలోనూ పూజల్లో వాయించే బాతా డోళ్లను ఆడవాళ్లు ముట్టకూడదన్నారు. 1993లో ఒబినీ బాతా పేరుతో కొందరు ఆడవాళ్లు బృందం కట్టి వాయించారు. పై వాటా ఆవిడకి మాత్రం డోలంటే పూలకుండీ పీట.

ఇది ఫ్యాక్టరీ సరుకు కాదు, మేకులతో కట్టిన చేతిపని, స్క్రూలు ఎవరో తర్వాత బిగించారు అని వాళ్ల అమ్మాయికి చెప్పాను. "ఎవరు చేశారు?" అంది. పేరు ఎక్కడా లేదు. మా నాయిన కట్టిన డప్పుల మీదా పేరు లేదు.

ఆ రాత్రి నాయినకి ఫోన్ చేశాను.

"తోలు దేనిదే బిడ్డా?"

"ఎద్దుదనుకుంటా నాయినా. ముందుగాల వాళ్లు గూడ మంట మీద కాచేటోళ్లట."

"కాయకుంటే ఎట్ల మోగుతది" అన్నాడు. కాసేపాగి, "కొట్టి చూసినవా?" అన్నాడు.

లేదు. కర్ర చూశాను, మేకుల గుర్తులు చూశాను, తోలు మళ్లీ బిగించాను. రెండు గంటలు నా చేతుల్లోనే ఉన్నా ఒక్క దెబ్బ వేయలేదు. ఈసారి వద్దన్నవాళ్లు ఎవరూ లేరు.