ఏ కుండలో పెట్టాలి?

పిల్లలూ! చాలా ఏళ్ళ క్రితం బెజవాడ దగ్గర ఒక బడిలో సూర్యుణ్ణి గురించి పాఠం చెబుతున్నాను. ఒక కుర్రవాడు లేచి, "మేష్టారూ, అంత నిప్పు మనం రాజేస్తే ఏ కుండలో పెట్టాలండీ?" అన్నాడు. అంతా గొల్లున నవ్వారు. నేనూ నవ్వి, కూర్చోమన్నాను.

నవ్వవలసిన ప్రశ్న కాదది. 1951లోనే అమెరికాలో లైమన్ స్పిట్జర్ దానికి జవాబుగా 'స్టెలరేటర్' అనే యంత్రాన్ని రూపొందించాడు.

కోట్ల డిగ్రీల వేడి ప్లాస్మాకు కుండ అయస్కాంతమే. కాని బలరేఖలను చేతిగాజులాగా ఊరికే గుండ్రంగా వంచితే చాలదు. గాజు లోపలివైపు బలం ఎక్కువ, వెలుపల తక్కువ. అందువల్ల కణాలు పైకో కిందికో జారిపోతాయి. మరి ఉపాయం? మన రైతులు వరిగడ్డితో వెంటి పేనడం చూశారు గదా! బలరేఖలనూ అల్లా మెలిపెట్టాలి. పైకి జారే కణం, మెలికలో పైన ఉన్నప్పుడు నడిమికి దూరమైనా, అడుగుకు వచ్చినప్పుడు అదే జారుడుతో మళ్ళీ నడిమికి చేరుతుంది.

ఆ మెలిక కోసం తీగచుట్టలనే వంకరగా చేస్తారు. జర్మనీలోని వెండెల్‌స్టైన్ 7-ఎక్స్‌లో అల్లాంటివి 50. ఆ వంకరలన్నీ కంప్యూటరు లెక్కకట్టినవే. 2023లో అది ప్లాస్మాను 8 నిమిషాలు నిలిపింది. కరెంటు పుట్టించడం ఇంకా ముందున్న పని.

ఆ కుర్రవాడికి ఇప్పుడు నలభై ఏళ్ళు దాటి ఉంటాయి. మీలో ఎవరైనా వాడి పిల్లలైతే, నవ్వినందుకు మేష్టారు సిగ్గుపడ్డారని నాన్నతో చెప్పండి.